కేరింత పడిన కానుక

ఊపిరై వచ్చి పోవుచు నుసురు నిలుపు
వేల్పు! నీకిదె మ్రొక్కెద వినుము తండ్రి!
చౌత యనుచును బిల్చు నీ సరసి జనుల
చిన్న రొమ్ముల శ్వాసను జెదరనీకు.

తెల్లవారగానే సిస్టర్ ఫనెసి పిల్లల వార్డులో మొదట చేసే పని, కత్తెర పట్టుకొని అంటుపట్టీని సన్నని పేలికలుగా చీల్చడం. ఒక్కొక్క పేలిక గోరు వెడల్పును మించరాదు. మించితే వారం గడవక ముందే చుట్ట అయిపోతుంది. ఆ పేలికలను బల్ల అంచున వరుసగా అంటించి, మందునీటిలో నానవేసిన ముక్కుగొట్టాలను తీసి, దులిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, పసివారి చెక్కిళ్ళకు అమర్చేది. వార్డులో పనిచేస్తున్న ఆక్సిజన్ యంత్రం ఒక్కటే. దాని మూతికి చీలికల గొట్టం తగిలించి నలుగురు బిడ్డలకు పంచుతున్నది. రెండవ యంత్రం మూగపోయి గోడవార నిలిచి ఉన్నది. దాని నెత్తిన ఊడ్చేవాళ్ళు బకెట్టు పెట్టుకుంటున్నారు.

మూడవ మంచం మీద యాంఖో అనే ఆడబిడ్డ. ఇంకా ఏడాది నిండలేదు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల నడుమ చర్మం లోపలికి పీక్కుపోతున్నది. ఆ బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది అమ్మమ్మ నసిబెకో. సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టి బతికే మనిషి. ఆస్పత్రిలో చేరినవారికి వండిపెట్టి, కడిగి, కాచుకొని ఉండవలసింది బంధువులే గనుక, ఆమె వచ్చిన నాటి నుండి వార్డు వెనుక రేకుల పాకలో సంకటి గెలుకుతూ, బిడ్డ ఊపిరిని కనిపెట్టుకొని ఉన్నది.

"సిస్టరమ్మా, ఈ గాలి సీసాలో బుడగలు నిన్నటికంటే తగ్గినయ్యి."

"నలుగురూ ఒక్క ముంతలో తాగుతుంటే తగ్గవా అవ్వా?"

"మరి ఆ గోడ దగ్గరది?"

"అది చచ్చింది."

"చస్తే పాతిపెట్టాలి గాని, నెత్తిమీద బకెట్టు పెట్టి నిలబెడతారా ఎవరన్నా?"

పక్క మంచం తల్లి చితెంజె గుడ్డ చెంగు నోట కుక్కుకొని నవ్వింది. ఫనెసి కూడా నవ్వబోయింది. ఇంతలో వసారాలో తాళాల గుత్తి చప్పుడయింది. జిల్లా ఆరోగ్యాధికారి డాక్టర్ కలిలొంబె వచ్చేముందు ఆ చప్పుడే వచ్చేది. మందుల గది, దుప్పట్ల గది, డీజిలు పీపాల గది, అన్నిటి తాళాలూ ఆయన నడుమునే వేలాడేవి.

"సిస్టర్, ఎల్లుండి పార్లమెంటు ఆరోగ్యసంఘం వస్తోంది. ఖర్చులు కోశాక ఆస్పత్రులు ఎట్లా ఉన్నాయో చూస్తారంట."

"ఎట్లా ఉన్నాయో అట్లాగే చూపిద్దాం, సార్."

"పై జిల్లా డాక్టరు చూపించాడు. ఇప్పుడు సరిహద్దులో దోమలకి సూదులేస్తున్నాడు. ఆయన ఆస్పత్రికి ఏమన్నా వచ్చిందా? ఏమీ రాలేదు. ఆయన మాత్రం పోయాడు." ఆయన గొంతు తగ్గించాడు. "గదిలో కొత్త దుప్పట్లున్నాయి. అన్ని మంచాలకీ పరిపించండి. వాళ్ళు వెళ్ళాక అదే మడత మీద తీయించండి. ఇంకో మెషీను రేపు వస్తుంది."

ఫనెసి చేతిలో కత్తెర ఆగింది. "ఎక్కణ్ణించి, సార్?"

"చర్చి ఆస్పత్రి నుంచి. ఒక్క రోజుకి అరువు."

"ఒక్క రోజు ఊపిరా, సార్?"

ఆయన గోడ దగ్గరి యంత్రం వంక చూసి, "దానిమీద బకెట్టు తీయించండి. ఏదన్నా శుభ్రమైన గుడ్డ కప్పించండి," అని వెళ్ళిపోయాడు. శవానికి కప్పినట్టే ఉంటుందని ఫనెసికి నోటిదాకా వచ్చింది, మింగివేసింది.

*

మరునాడు మధ్యాహ్నం చర్చి ఆస్పత్రి బండి వచ్చింది. డ్రైవర్ వైసన్ టార్పాలిను విప్పి, యంత్రాన్ని చంటిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి దింపాడు.

"జాగ్రత్త సిస్టర్. ఇది మా మఠం అమ్మల కంటిపాప. రేపు సాయంత్రం వచ్చి తీసుకుపోతా."

"ఇంకొక్క రోజు ఉంచలేరా, వైసన్?"

"అక్కడొక పిల్లాడు దీనిమీదే ఉన్నాడు. సిలిండరు పెట్టి పంపారు. రేపు సాయంత్రానికి అది ఖాళీ." అతడు టార్పాలినును మడత పెడుతూ ఆమె ముఖం చూడలేదు. "నన్నడక్కండి. నేను బండి తోలేవాణ్ణి."

యంత్రాన్ని గోడకు తగిలించి మీట నొక్కగానే, వార్డులో రెండవ హోరు మొదలయింది. ఫనెసి దాని వెనుక జాలీని విప్పి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, తిరిగి బిగించింది. అందరిలోకీ బలహీనంగా ఉన్న యాంఖోకు ఆ గొట్టం పెట్టింది. సీసాలో బుడగలు చిటపటలాడుతూ పైకి లేచాయి. కొంతసేపటికి పక్కటెముకల నడుమ గుంటలు పూడినాయి. బిడ్డ కన్ను విప్పి, అవ్వ మెడలోని పూసలను పట్టుకొని లాగింది. నసిబెకో పూసలదండను మెడ నుండి తీసి బిడ్డ గుప్పిట్లోనే ఉంచేసింది.

మంచాల మీద దుప్పట్లు పడినాయి. మడతల గీతలు ఇంకా వాటిపై నిలువునా అడ్డంగా లేచి ఉన్నాయి.

"సిస్టరమ్మా, ఇవన్నీ ఒక్కసారే ఎట్లా వచ్చినయ్యి?"

"రేపు పెద్దవాళ్ళు వస్తున్నారుగా అవ్వా."

"అనుకున్నాలే. గొప్పోళ్ళు బయల్దేరితే వాళ్ళకంటే ముందు వాళ్ళ కానుక నడిచొస్తది." అవ్వ పక్క మంచం వైపు తిరిగింది. "ఓసే పిల్లా, మా ఊళ్ళో సైకిలుబండి కత నీకు తెలుసా? ఎలచ్చన్లప్పుడు ఒకాయన రోగుల్ని మోసుకెళ్ళేదానికి సైకిలుబండి ఇచ్చాడు. ఊరంతా కేరింత కొట్టాం. ఓడిపోయాక మనుషుల్ని పంపాడు, బండి తెమ్మని!"

"ఇచ్చేశారా?"

"ఎందుకిస్తాం? కేరింత పడ్డ వస్తువు వెనక్కి పోద్దా? పోతే ఇచ్చినోడి పరువు కూడా దాని ఎనకాలే ఉరుక్కుంటా పోద్ది. ఆ మాటే చెప్పాం. వాళ్ళు మా ఊరిపెద్ద వాకిట్లో కూచుని, సంకటీ చేపలపులుసూ తిని, చేతులు కడుక్కుని పోయారు."

వార్డంతా నవ్వింది. ఫనెసి కూడా నవ్వింది. ఆ నవ్వు నోటిలోనే చేదయింది. ఇది కానుక కాదని, అరువని, రేపు ఈ బిడ్డ ముక్కునుంచి గొట్టం తీసేది తన చేతులేనని ఆ క్షణాన చెప్పవలసి ఉన్నది. అవ్వ ముఖంలో మొదటిసారిగా నిద్ర కనిపిస్తున్నది. చెప్పలేకపోయింది.

సాయంత్రం డాక్టరు రేకుల పాక దగ్గర ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఎవరేమి అడిగినా అన్నీ ఉన్నాయని చెప్పమన్నాడు. అందరూ తలలూపారు. నసిబెకో అందరికంటె ఎక్కువగా ఊపింది.

"ఉన్నదాన్ని లేదంటామా, బాబూ?" అన్నది.

*

సంఘం బండ్లు ఎర్రదుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగినాయి. అధ్యక్షురాలు కసంబాలా అమ్మగారు పొడవైన మనిషి. రేడియోలో ఆమె గొంతు వింటే మంత్రులు గ్లాసులు కింద పెడతారని జనం చెప్పుకునేవారు. ఆమె వసారాలో ఆగకుండా తిన్నగా పిల్లల వార్డులోకి నడిచింది. ఆమె వెంట సభ్యులు ముగ్గురు, చివర తాళాల గుత్తి మోగకుండా అరచేత పట్టుకొని డాక్టర్ కలిలొంబె.

ఆమె దుప్పటి అంచు ఎత్తి చూసింది. మందుల పెట్టె తెరిపించింది. కుళాయి తిప్పింది. యంత్రాల ఎదుట నిలిచి బుడగలను చూసింది.

"రెండూ పనిచేస్తున్నాయన్నమాట."

"చేస్తున్నాయి, మేడమ్," అన్నాడు డాక్టరు.

"కోత పెడితే పిల్లలు చచ్చిపోతారని సభలో అరిచారు. ఇక్కడ నాకంత కనిపించడంలేదే." ఆమె హఠాత్తుగా ఫనెసి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఈ వార్డులో ఏది కొరత?"

ఫనెసి కళ్ళు డాక్టరు పిడికిటి మీద పడినాయి. కణుపులు తెల్లబడి ఉన్నాయి. తరువాత యాంఖో మీద పడినాయి. నోరు విప్పితే తనకు సరిహద్దు బదిలీ, మూసుకుంటే ఈ బిడ్డకు ఈ సాయంత్రం ఊపిరి కోత. ఇంత తెలిసి ఉండీ ఆమె నాలుక అలవాటైన దారినే నడిచింది.

"అన్నీ ఉన్నాయి, మేడమ్."

"మంచిది," అని అధ్యక్షురాలు బయటికి నడిచింది.

వేపచెట్టు నీడన రోగుల బంధువులైన ఆడవాళ్ళు రెండు వరుసలుగా నిలిచి ఉన్నారు. పెద్దలు వచ్చినచోట పాట ఉండడం అక్కడ ఎవరికీ వింత కాదు. డాక్టరు కూడా నవ్వు తెచ్చుకొని పక్కకు నిలిచాడు. నసిబెకో ముందుకు వచ్చి, నడుము కొద్దిగా వంచి, చప్పట్లు చరిచి ఎత్తుకున్నది.

"ఎవరు తెచ్చారే ఊపిరి పెట్టె?"

"అమ్మగారు తెచ్చారే ఊపిరి పెట్టె!"

"మొన్న లేదే, నిన్న వచ్చింది!"

"అమ్మగారు పంపితే నిన్న వచ్చింది!"

"మొన్న చలి, నిన్న దుప్పటి!"

"అమ్మగారు పంపితే నిన్న దుప్పటి!"

అధ్యక్షురాలి పాదం తాళానికి అనుగుణంగా నేలను తాకుతూ వచ్చింది. మూడవ చరణానికి ఆ పాదం ఆగిపోయింది. ఆడవాళ్ళు ఆగలేదు. నాలుకలు ఆడించి ఒక్కసారిగా కేరింత కొట్టారు. ఆ ధ్వని రేకులకు తగిలి మోగింది. అప్పుడు, పెద్దలు వస్తున్నారని విని వచ్చిన నసిబెకో వాళ్ళ ఊరిపెద్ద, ముసలివాడు, తెల్ల కోడిపుంజును రెండు చేతులా పట్టుకొని వచ్చి మోకాలు వంచాడు.

"తల్లీ, మాటలు తెచ్చేవాళ్ళని చాలామందిని చూశాం. ఊపిరి తెచ్చినవాళ్ళలో నువ్వే మొదలు. కాదనకుండా తీసుకో."

ఆమె అసంకల్పితంగా చేతులు చాచింది. పుంజు ఆమె మోచేతి మడతలోకి వచ్చి కుదురుకున్నది. ఆమె దాన్ని చూసింది. ఆడవాళ్ళ చెమటపట్టిన ముఖాలను చూసింది. చివరకు ఫనెసిని చూసింది.

"సిస్టర్, నేనేం తెచ్చాను?"

వార్డులోపలి హోరు కిటికీగుండా సన్నగా వినిపిస్తున్నది.

"ఏమీ తేలేదు, అమ్మగారూ." ఫనెసి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మెషీను అరువుది. ఈ సాయంత్రం పోతుంది. దుప్పట్లు కూడా గదిలోకి పోతాయి. లోపల మీకు అబద్ధం చెప్పాను."

నసిబెకో చప్పట్లకు ఎత్తిన చేతులు అలాగే నిలిచిపోయాయి.

అధ్యక్షురాలు డాక్టరు వైపు తిరిగింది. "అంటే నాకు నాటకం చూపించారు. మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా డాక్టర్?"

ఫనెసి ఆయన తల వంచుతాడనుకున్నది. నేరం తనమీదికి నెడతాడని కూడా అనుకున్నది. కలిలొంబె పిడికిలి విప్పాడు. తాళాలు గలగలమన్నాయి.

"ఆలోచించాను కనకే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నానమ్మా. మా ఆస్పత్రి కోసం కొన్న మెషీన్లు రాజధానిలో గిడ్డంగిలోనే ఉన్నాయి. వానలకి ముందు నుంచీ పెట్టెలు కూడా విప్పలేదు. వాళ్ళు పంపరు, బండికి డీజిలు లేదంటారు. నేను తెచ్చుకోలేను, నాకూ లేదు. ఉన్న కాస్త డీజిలు కాన్పుల బండికి పోస్తున్నా. అది కూడా ఆపి మెషీను తెచ్చుకోమంటారా? ఏ తల్లిని దారిలో వదలమంటారో మీరే చెప్పండి."

"ఇది సభలో అడగాల్సిన ప్రశ్న."

"సభలో అడిగారమ్మా. డీజిలు కోతకి చేతులెత్తమన్నప్పుడు ఎత్తినవాళ్ళ పేర్లు రేడియోలో చదివారు. మీ పేరూ విన్నాను."

సభ్యులలో ఒకరు దగ్గి, ఆలస్యమవుతున్నదని అన్నారు. అధ్యక్షురాలు కోడిని ఊరిపెద్దకు తిరిగి ఇవ్వబోయింది. ముసలివాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"కేరింత పడిపోయింది తల్లీ. ఇంక దాన్ని మేం ముట్టుకోం."

ఆమె ఏ మాటా ఇవ్వలేదు. కోడిని ఒడిలో పెట్టుకొనే బండి ఎక్కింది. దుమ్ము సద్దుమణిగేదాకా ఎవరూ అక్కడినుంచి కదలలేదు.

*

వైసన్ చెప్పిన వేళకే వచ్చాడు. నసిబెకో యంత్రానికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపి నేలమీద కూర్చున్నది. చుట్టూ తక్కిన తల్లులు. వైసన్ టోపీ తీసి చేతిలో నలుపుతూ గుమ్మంలో నిలిచాడు.

"నన్ను ఆడించావా సిస్టరమ్మా?" అన్నది అవ్వ. గొంతులో కోపం లేదు. అదే ఫనెసికి ఓర్వరానిదయింది.

"నిజం చెప్పే ధైర్యం లేకపోయింది, అవ్వా."

"నేను పాడి పాడి గొంతు పోగొట్టుకున్నా. అరువు సొమ్ముకి పాడానా?" ఆమె వైసన్ వంక చూసింది. "లెయ్యను. కేరింత పడ్డది. బలముంటే నన్ను కూడా ఎత్తుకుపో."

వైసన్ నేలచూపులు చూశాడు. "నిన్ను లేపడానికి నేనెవర్ని, అవ్వా. అక్కడ సిలిండరు అయిపోవచ్చింది. జాలరోళ్ళ పిల్లాడు. నీళ్ళలో మునిగి బతికాడు, రొమ్ము పట్టేసింది."

"ఏ రేవు?"

"రాళ్ళరేవు."

"వాడికి తోడెవరున్నారు?"

"తల్లి లేదు. వాళ్ళ అవ్వ ఉంది."

నసిబెకో మనుమరాలి వంక తిరిగింది. యాంఖో ఊపిరి, యంత్రం హోరు, బయట ఎవరో గిన్నె తోముతున్న చప్పుడు. తరువాత ఆమె గోడ పట్టుకొని, ఒక మోకాలు, ఇంకొక మోకాలు కూడగట్టుకొని లేచింది.

"తీసుకుపో. ఆ ముసిల్దానితో చెప్పు, ఇది మేమిచ్చామని. అరువని చెప్పమాక."

ఫనెసి గొట్టం తీసింది. చెక్కిలి మీది పట్టీని, చర్మం లేవకుండా, తడిగుడ్డతో నానబెట్టి తీసింది. బిడ్డ గొట్టాన్ని తిరిగి పాత యంత్రపు చీలికలకు తగిలించింది. సీసాలో బుడగలు పలచబడినాయి.

దుప్పట్లు తీయబోతున్న ఆయాను డాక్టరు గుమ్మంలోంచే వారించాడు. "ఉంచండి," అన్నాడు. లోపలికి వచ్చి గుత్తిని బల్లమీద పెట్టి, స్టూలు లాక్కొని యాంఖో పక్కన కూర్చొని, గడియారం ముల్లు చూస్తూ ఊపిర్లు లెక్కపెట్టసాగాడు.

మరునాడంతా అలాగే గడిచింది. ఫనెసి కాస్త కోలుకున్న పిల్లవాని గొట్టాన్ని కాసేపు నొక్కిపెట్టి, ఆ వాయువును యాంఖోకు మళ్ళించేది. వాడి పెదవులు మసకబారగానే తిరిగి వదిలేది. పాలు ఇస్తే యాంఖో రెండు చుక్కలు మింగి అలసి తల వాల్చేసేది. గొట్టం నొక్కిన పిల్లవాని తల్లి ఫనెసి వేళ్ళనే చూస్తూ కూర్చున్నది. అవ్వ ఆ తల్లిని చూడలేక కిటికీ వైపు తిరిగింది. ఇద్దరిలో ఎవరూ మాట తూలలేదు.

ఆ మరుసటి ఉదయం యాంఖో గోళ్ళు నీలమయ్యాయి. డాక్టరు చెవిగొట్టం తీసి మెడలో వేసుకొని, ఫనెసితో ఏదో చెప్పబోయి, నసిబెకో వింటున్నదని మానుకున్నాడు. అప్పుడు వాకిట బండి హారను మోగింది.

అది అధ్యక్షురాలి బండి. ఆమె అందులో లేదు. డ్రైవరు వెనుక తలుపు తెరిచి, "పట్టండయ్యా పట్టండి, రెండు పెట్టెలు!" అని అరిచాడు. "ఆ కోడిని ఇచ్చిందెవరు తల్లీ? ఇల్లంతా కోడికూతే. కోసెయ్యమంటారా అంటే అమ్మగారు నన్ను కోసేలా చూసింది. గిడ్డంగి దగ్గర తనే నిలబడి తాళం తీయించింది, సొంత బండిలో వేయించింది. వచ్చే సమావేశంలో డీజిలు మాట మళ్ళీ ఎత్తుతుందంట. మరి ఎత్తుద్దో లేదో, పెద్దోళ్ళ సంగతి నాకేం తెలుసు!"

డాక్టరు అప్పటికే మోకాళ్ళమీద కూర్చొని కత్తెరతో అట్ట చీలుస్తున్నాడు. ఫనెసి గొట్టాలు కలుపుతున్నది. గుమ్మంలో ఆడవాళ్ళు మూగారు. ఎవరో నాలుక ఎత్తబోగా నసిబెకో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండే! ముందు పలకనియ్యండి. ఒకసారి తొందరపడ్డాం, చాలు."

మీట నొక్కారు. యంత్రం ఒకసారి దగ్గి, హోరు అందుకున్నది. బుడగలు లేచాయి. అందరూ బిడ్డ పక్కటెముకలనే చూస్తున్నారు. చాలాసేపటికి గుంటలు పూడినాయి. గోళ్ళ నీలం మెల్లగా విడిచింది. అయినా కేరింత లేదు. అవ్వ పెదవులు బిగించే ఉంచింది.

డ్రైవరు డాక్టరు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "సార్, ఇంకో మాట. మీరు నాతో రావాలంట. సంజాయిషీకి. పిలిచింది అమ్మగారు కాదు, మీ శాఖ పెద్దలు."

"తెలుసు," అన్నాడు కలిలొంబె. చేతులు కడుక్కున్నాడు. బల్లమీది తాళాల గుత్తి తీసి ఫనెసి అరచేతిలో పెట్టాడు.

"సార్, అబద్ధం చెప్పింది నేను. వెళ్ళాల్సింది నేను."

"చెప్పమన్నది నేనేగా. డీజిలు గది తాళం వంకరది, కొంచెం పైకెత్తి తిప్పండి." ఇంకేమీ తోచక ఆయన చిన్న సంచి భుజాన వేసుకొని బయటికి నడిచాడు. నడుమున గుత్తి లేని ఆ నడకకు చప్పుడు లేదు.

ఆయన బండిలో కాలు పెట్టబోయేసరికి, వెనుకనుంచి నసిబెకో ఎత్తుకున్నది. పాట కాదు, ఒక్క కేరింత. పగిలిన గొంతుతో సన్నగా మొదలై నిటారుగా లేచింది. పాకలోంచి, కుళాయి దగ్గరినుంచి, కాన్పుల వార్డులోంచి ఆడవాళ్ళు అందుకున్నారు. నొక్కిపెట్టిన గొట్టాన్ని చూస్తూ కూర్చున్న ఆ తల్లి కూడా బిడ్డను చంకనేసుకొని వచ్చి అందుకున్నది. ఎవరూ యంత్రాల వైపు చూడడంలేదు.

బిడ్డను చూడవచ్చిన ఊరిపెద్ద కర్ర ఊతగా బండి ముందుకు వచ్చి నిలిచాడు. "ఏమయ్యా డ్రైవరూ, విన్నావుగా? ఈయన మాకిచ్చిన మనిషి. కేరింత పడింది. తీసుకుపోతే తీసుకుపో, మళ్ళీ తెచ్చి ఇదే చోట దించాలి. మీ పెద్దలకీ ఆ మాట చెప్పు."

"నన్ను కూడా సైకిలుబండిని చేసేశారు!" అన్నాడు డాక్టరు. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు గాని, అద్దం వైపు ముఖం తిప్పుకున్నాడు.

బండి వెళ్ళిపోయింది. ఫనెసి గుత్తిని నడుమున కట్టుకొని లోపలికి వచ్చింది. యాంఖో నిద్రపోతున్నది, పూసలదండ ఇంకా గుప్పిట్లోనే ఉన్నది. కత్తెర తీసుకొని, అంటుపట్టీని చీల్చబోయి, ఆ పేలికను ఎప్పటికంటె కొంచెం వెడల్పుగా చీల్చింది.

ఈ కథ విన్న ప్రతి ఇంటా పసివారి ఊపిరి చల్లగా ఆడుగాక. నిజం పలికిన నోళ్ళకు నీడ దొరుకుగాక. ఇచ్చినది మరవని జనమును, ఇవ్వవలసినది మరచిన పెద్దలను కూడ ఆ చౌత ఒకే కరుణతో మేలుకొలిపి కాచుగాక.